బెంగళూరు పిల్లల డాక్టర్లకు ఒక అమ్మ రాస్తున్న బహిరంగ లేఖ

బెంగళూరులో పిల్లల వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ నమస్కారం.

నేను మారతహళ్లిలో ఉంటాను. మాది మదనపల్లె వైపు, పెళ్లయి ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లయింది. క్లినిక్‌లో నేను కన్నడలో తడుముకుంటుంటే "పర్వాలేదు, తెలుగులోనే చెప్పండమ్మా" అన్న డాక్టర్లు ఈ ఊళ్లో నాకు చాలామంది దొరికారు, ఆ ధైర్యంతోనే తెలుగులో రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ లేఖ మీకంటే ముందు నాలాంటి అమ్మానాన్నలే చదువుతారు, వాళ్లకూ ఇది అర్థం కావాలి.

నేను రాసేది లావుగా ఉన్న పిల్లల్లో విటమిన్ డి తక్కువగా ఉండటం గురించి. విటమిన్ డి పొడి ప్యాకెట్, అదే సాచెట్, రాసివ్వడంతో మీ పని అయిపోతోంది, మా తిప్పలు మాత్రం అక్కణ్ణుంచే మొదలవుతున్నాయి.

మావాడికి పదకొండేళ్లు. 61 కిలోలు, ఎత్తు 146 సెంటీమీటర్లు. కిందటేడు జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పటి నుంచి రాత్రిళ్లు కాళ్లు పీకుతున్నాయని ఏడ్చేవాడు. మా అత్తమ్మ నువ్వుల నూనె రాసి పిసికేది, నేను ఎదిగే వయసు కదా అనుకున్నాను. రెండు నెలలు అలాగే గడిచాక ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. పేరు చెప్పను, ఆ ఒక్కరి మీద కోపంతో రాయట్లేదు. ఆ డాక్టరుగారు వాణ్ణి త్రాసు ఎక్కించి, అంకె చూసి, వాడి వైపు తిరిగి "రోజుకెన్ని చిప్స్ ప్యాకెట్లు తింటావ్?" అన్నారు. వాడు తల దించుకున్నాడు. "ముందు బరువు తగ్గించండమ్మా, నొప్పులు వాటంతటవే పోతాయి" అని నాతో అన్నారు. కాళ్లు ముట్టుకోలేదు. నేనే అడిగితే రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి మిల్లీలీటరుకు 8 నానోగ్రాములే అని వచ్చింది. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్ ఎనిమిది వారాలు, రోజూ పొద్దున ఏడింటికి ఎండలో పావుగంట నిలబెట్టండి, అంతే.

ఎనిమిది సాచెట్లూ వేశాం. నీళ్లలో కలిపి పరగడుపున ఇచ్చాను, ఎలా ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. నొప్పులు తగ్గాయి. ఎనిమిదో సాచెట్ తర్వాత ఏం చేయాలో చీటీలో లేదు, నేనూ అడగలేదు. జబ్బు నయమైందనుకున్నాను. ఈ ఫిబ్రవరిలో మళ్లీ అదే ఏడుపు. పరీక్ష చేయిస్తే 13. నిజం చెబుతున్నా, ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని లిఫ్ట్ ముందు నిలబడి ఏడ్చేశాను. ఏదో ఒక వారం మర్చిపోయానేమో, మందు పాతదేమో, వండి పెట్టే తిండిలోనే ఏదో లోపముందేమో అని వారం రోజులు నిద్ర లేదు.

తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ముందు వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, తుంటిని లోపలికీ బయటికీ తిప్పి చూశారు. నొప్పి మోకాలి దగ్గర కదా, తుంటి ఎందుకని అడిగాను. లావుగా ఉన్న పిల్లల్లో ఎదిగే వయసులో తొడ ఎముక పైనుండే గుండ్రటి భాగం జారే ప్రమాదముంటుందని, అప్పుడు నొప్పి తుంటిలో కాక మోకాలి దగ్గర తెలియొచ్చని, దాన్ని గమనించకపోతే బిడ్డ జీవితాంతం కుంటాల్సి రావచ్చని చెప్పారు. మావాడికి ఎక్స్‌రేలో అలాంటిదేమీ లేదు, దేవుడి దయ. కానీ "ముందు బరువు తగ్గించండి" అన్న మాట పట్టుకుని ఇంకో ఏడాది ఆగి ఉంటే, లోపల ఏముందో మాకెలా తెలిసేది? మోకాలి నొప్పితో వచ్చిన లావు పిల్లల్ని తుంటి చూడకుండా ఇంటికి పంపకండి, మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

సాచెట్లు ఎందుకు నిలబడలేదో ఆవిడ ఐదు నిమిషాల్లో చెప్పారు. ఆ ఐదు నిమిషాలు మొదటిరోజే దొరికి ఉంటే నేనీ లేఖ రాసేదాన్ని కాదు. విటమిన్ డి కొవ్వులో కరిగేది. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే మనమిచ్చింది అందులోకీ వెళ్లి సర్దుకుంటుంది, రక్తంలో మిగిలేది తక్కువ. ఒకే చారెడు ఉప్పును చెంబు నీళ్లలో వేయడానికీ బిందె నీళ్లలో వేయడానికీ ఉన్న తేడా లాంటిదన్నారు. ఎండలో నిలబడ్డా ఇదే కథ. 2000లో అమెరికాలో లావుగా ఉన్న పెద్దవాళ్లకూ సన్నగా ఉన్నవాళ్లకూ ఒకే మోతాదులో అతినీలలోహిత కిరణాలు పట్టించి చూస్తే, లావుగా ఉన్నవాళ్ల రక్తంలో విటమిన్ డి 57 శాతం తక్కువగా పెరిగిందట. ఎండ తగిలితే విటమిన్ డిగా మారే ముడిసరుకు చర్మంలో ఇద్దరికీ సమానంగానే ఉంది, తయారైంది రక్తంలోకి రావడంలోనే తేడా. అందుకే అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2011 మార్గదర్శకాల్లో ఊబకాయం ఉన్నవాళ్లకు, పిల్లలకైనా పెద్దలకైనా, ఆ వయసు వాళ్లకిచ్చే మోతాదుకు రెండు మూడు రెట్లు కావాల్సి వస్తుందని రాశారు. ఇవన్నీ మీకు తెలిసినవే. మాకు చెప్పకపోవడమే నా బాధ.

మా విషయంలో రెండు పొరపాట్లు కలిశాయి. మోతాదు వాడి ఒంటికి సరిపడా ఉందో లేదో తర్వాత ఎవరూ చూడలేదు. కోర్సు అయ్యాక రోజూ కొద్దికొద్దిగా కొనసాగించాలని చెప్పలేదు. దానికి తోడు కొవ్వులో కరిగే మందును నేను పరగడుపున నీళ్లతో ఇచ్చాను. ఇప్పుడు రోజువారీ మందు రాశారు, మధ్యాహ్నం పెరుగన్నమో గుడ్డో తిన్న తర్వాత వేస్తున్నాం. ఎన్ని యూనిట్లో ఇక్కడ రాయను, చదివినవాళ్లు తమ పిల్లలకు అదే వేసేస్తారన్న భయం. మూడు నెలల తర్వాత పరీక్షలో 24 వచ్చింది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకావిడ, ఏడేళ్ల పాపకు ఎప్పుడో రాసిచ్చిన 60,000 సాచెట్‌ను పదకొండు నెలలపాటు ప్రతి ఆదివారం వేసింది. చీటీలో ఆపమని లేదు, మెడికల్ షాపువాళ్లు అడిగినప్పుడల్లా ఇచ్చారు, విటమినే కదా ఏమవుతుందనుకుంది. పాపకు వాంతులు, మలబద్ధకం, ఊరికే దాహం, పదే పదే ఒంటేలు. చూస్తే విటమిన్ డి వందకు పైన, కాల్షియం కూడా పెరిగిపోయింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. విటమిన్ సి లాగా ఎక్కువైంది మూత్రంలో పోయే రకం కాదిది, లోపలే నిల్వ ఉండిపోతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒక బిడ్డకు చాలక, ఇంకో బిడ్డకు ఎక్కువై. రెండుచోట్లా లోపించింది ఒకటే, చీటీ మీద ఇంకో రెండు లైన్లు.

కాబట్టి నా మొదటి విన్నపం ఆ రెండు లైన్లే. ఏ తేదీకి ఆపాలి, దేనితో కలిపి ఇవ్వాలి, ఆపాక రోజూ ఎంత, మళ్లీ పరీక్ష ఏ నెలలో. బరువు ఎక్కువున్న పిల్లలైతే "బరువును బట్టి మోతాదు మారుతుంది, మూడు నెలలకు తప్పక రండి" అని ఒక్క మాట. నోటితో చెబితే బిడ్డ ఏడుపులో, బిల్లు కౌంటర్ దగ్గర క్యూలో మర్చిపోతాం. రాసివ్వండి.

ల్యాబ్ రిపోర్టుల సంగతి కూడా మీరే పట్టించుకోవాలి. చాలా ల్యాబులు 30 కంటే తక్కువ ఉంటే చాలు, చాలదని ముద్రించేస్తాయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే మీ సొంత సంఘమే, 2021 మార్గదర్శకాల్లో పిల్లలకు 20 దాటితే చాలంది. 12 లోపు ఉంటే లోపం, 12 నుంచి 20 మధ్యలో ఉంటే కొంచెం తక్కువ. మావాడికి 24 వచ్చినప్పుడు కూడా ల్యాబ్ కాగితం మీద ఎర్ర అక్షరాలే. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే మళ్లీ ఒక డబ్బా సాచెట్లు కొనేసేదాన్ని. 22, 25 వచ్చిన పిల్లల అమ్మలు మా వాట్సాప్ గ్రూపులో పడే టెన్షన్ మీరు చూడాలి. ఆ అంకెకు అర్థం మీ నోటి నుంచి రావాలి, ఎర్ర సిరా నుంచి కాదు.

ఇక ఎండ. "పొద్దున ఏడింటికి ఎండలో నిలబెట్టండి." మా అమ్మమ్మ కాలం నుంచీ లేత ఎండ మంచిదనే మాట ఉంది, మీరూ అదే చెబుతున్నారు. హాయిగా ఉంటుంది, నిజమే, కానీ విటమిన్ డి తయారుకావడానికి కావాల్సిన కిరణాలు ఆ వేళకు దాదాపు ఉండవు. ఇది మన పక్కనే, తిరుపతిలోనే తేలిన విషయం. డాక్టర్ హరినారాయణ్ గారి బృందం చర్మంలో ఉండే ముడిసరుకును గాజు ఆంప్యూళ్లలో పోసి ఎండలో పెట్టి చూస్తే, ఏడాది పొడవునా పదకొండు నుంచి రెండు మధ్యలోనే బాగా తయారైంది. తిరుపతి, బెంగళూరు ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అక్కడికీ ఇక్కడికీ సూర్యుడి లెక్క మారదు, పైగా మనకు మబ్బులు ఎక్కువ.

మరి పదకొండు నుంచి రెండు మధ్యలో మా పిల్లలు ఎక్కడుంటారు? క్లాసులో. కిటికీ అద్దం దాటి ఆ కిరణాలు లోపలికి రావు. 7:10కి వ్యాను ఎక్కితే, సర్జాపూర్ రోడ్డు ట్రాఫిక్ దాటి దిగేసరికి సాయంత్రం ఐదవుతుంది. మావాడి స్కూల్లో పీటీ పీరియడ్ వారానికి రెండే, రెండూ చివరి పీరియడ్లు, అందులో ఒకటి మ్యాథ్స్ టీచర్ లాగేసుకుంటారు. ఇంటికొచ్చాక కింద ఆడుకుందామంటే రెండు టవర్ల మధ్య నీడ. మా ఊళ్లో పిల్లలు సెలవుల్లో మధ్యాహ్నం మామిడితోటల్లో తిరుగుతుంటే, నల్లబడిపోతావు రారా అని మేమే కేకలేసి లోపలికి లాక్కొస్తాం, ఆ తప్పు మాదే, ఒప్పుకుంటాను.

దీనికీ మీరు చేయగలిగినది ఒకటుంది. నేను నాలుగుసార్లు స్కూలుకు వెళ్లి, లంచ్ బ్రేక్‌లో పిల్లల్ని గ్రౌండ్‌లోకి వదలమని అడిగాను. ఎండదెబ్బ తగిలితే ఎవరు బాధ్యులన్నారు. డాక్టరమ్మ తన లెటర్‌హెడ్ మీద "ఈ అబ్బాయి రోజూ మధ్యాహ్నం అరగంట ఆరుబయట ఉండాలి" అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మర్నాటి నుంచి వదిలారు. వాడితో పాటు ఇంకో ఆరుగురు పిల్లలు కూడా వెళ్తున్నారు. మీ సంతకానికి ఆ బలముంది. నాలుగుసార్లు తిరిగినా నా మాటకు రాలేదు. ప్రతి డాక్టరు నెలకు పదిమంది పిల్లలకు ఆ కాగితం రాసిచ్చినా, ఈ ఊళ్లో స్కూళ్లు టైంటేబుల్ మార్చుకోక తప్పదు.

ఇంతకంటే ముఖ్యమైనది, చెప్పడానికి నాకు కష్టమైనది ఒకటుంది. మావాడు ఎండలోకి వెళ్లకపోవడానికి స్కూలు ఒక్కటే కారణం కాదు. క్లాసులో వాణ్ణి డ్రమ్ అంటారు. ఏప్రిల్ ఎండల్లో కూడా పొడుగు చేతుల హుడీ వేసుకుని తిరుగుతాడు, పొట్ట కనపడకూడదని, చేతులు కనపడకూడదని. మెడ వెనక నల్లగా ఉంటుంది. అది మురికి అనుకుని నేను రెండేళ్లు శనగపిండి పెట్టి తోమాను, చర్మం కందిపోయి వాడు ఏడ్చేదాకా. అది మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తని రెండో డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. మొదటి క్లినిక్‌లో ఆ మెడ వాళ్ల కళ్లెదురుగానే ఉంది. చిప్స్ ప్రశ్న అడిగిన రోజు నుంచి వాడు కాలర్ ఉన్న చొక్కాలే వేసుకుంటానని పట్టుబట్టాడు, ఆదివారం క్రికెట్ మానేశాడు. ఎండ తగలాల్సిన బిడ్డ ఇంకా ముసుగేసుకున్నాడు. మీ గదిలో అన్న ఒక్క మాట వాడి ఎముకల దాకా ఎలా వెళ్లిందో చూశారా?

బరువు గురించి మాట్లాడొద్దని అనడం లేదు. మాట్లాడాలి. ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు మన దేశంలో 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2015-16కూ 2019-21కీ మధ్య లెక్కల్లోనే ఉంది. లావు పెరిగితే విటమిన్ డి తగ్గుతుందని, విటమిన్ డి తగ్గడం వల్ల లావు అవుతారనడానికి ఆధారం దొరకలేదని 2013లో 42,000 మంది పెద్దవాళ్ల జన్యువులు చూసి తేల్చారు. అంటే సాచెట్ వేస్తే బరువు తగ్గుతుందని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల మాట నమ్మక్కర్లేదు. బరువు కొంత తగ్గితే రక్తంలో విటమిన్ డి కాస్త మెరుగవుతుంది కూడా. కానీ అది నెలల పని, ఏళ్ల పని. ఎముకలు ఈలోపు ఆగవు, ఎదిగే వయసు మళ్లీ రాదు. బరువు తగ్గాకే మందు అన్నట్టు కాకుండా, లోపానికి ఇప్పుడే మందు, బరువుకు పక్కన నెమ్మదిగా ఓపికగా దారి. బిడ్డతో మాట్లాడేటప్పుడు తిండి నుంచి కాకుండా ఏ ఆట ఇష్టమో అడిగి మొదలుపెట్టండి.

తిండి గురించి మాకున్న అపోహలూ తీర్చండి. మేము రాయలసీమ వాళ్లం, మీరూ ఇక్కడివాళ్లు, రాగి ముద్ద ఇద్దరిదీ. రాగుల్లో కాల్షియం దండిగా ఉంది, విటమిన్ డి లేదు. రోజూ రాగి జావ ఇస్తున్నాను కదా, లోపం ఎలా వచ్చిందని నేను అడిగినదే ఇంకో వందమంది అడుగుతారు. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలని, రెండూ వేరువేరని అప్పుడే తెలిసింది. గుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు. విటమిన్లు కలిపారని తెలిపే ప్లస్ ఎఫ్ గుర్తున్న పాల ప్యాకెట్‌లో, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు, అంటే గ్లాసు పాలకు 50కి అటూఇటూ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 600 కావాలంటోంది. ఇంకా నాలుగు గ్లాసుల పాలు తాగించి ఈ లెక్క పూర్తి చేద్దామనుకునే తల్లులున్నారు, ఆ పాలలో మళ్లీ పంచదార, చాక్లెట్ పొడి. అలా చేయొద్దని చెప్పండి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడది రాయచూరు దగ్గర పల్లె, తెలుగు బాగా మాట్లాడుతుంది. ఆవిడ పెద్దమ్మాయికి పన్నెండేళ్లు, ఆ పిల్లా బొద్దుగానే ఉంటుంది, ఒకే గదిలో ఉంటారు, స్కూలు నుంచి వచ్చాక భయంతో తలుపు గడియ పెట్టుకుని టీవీ చూస్తుంది. లావు డబ్బున్న ఇళ్ల సమస్య అనుకోవడం మానేయాలి. విటమిన్ డి పరీక్షకు నేను పదిహేను వందలు కట్టాను, అది ఆవిడకు ఒక ఇంటి నెల జీతంలో సగం. 2016-18లో మన దేశంలో పిల్లల మీద చేసిన జాతీయ పోషకాహార సర్వేలో పదేళ్లు దాటిన పిల్లల్లో 24 శాతం మందికి విటమిన్ డి లోపం కనిపించింది, అదీ 12 లోపు అన్న గట్టి లెక్కతో. ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఏడాది నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు పరీక్షతో పని లేకుండానే రోజూ కొంత విటమిన్ డి ఇవ్వమని సూచించింది. పరీక్ష చేయించలేని ఇంటి బిడ్డ మీ దగ్గరికొస్తే, రిపోర్టు తెస్తేనే మందు అనకండి. చూసి, తాకి, అడిగి, సురక్షితమైన రోజువారీ మోతాదు మీరే నిర్ణయించి రాయండి. పరీక్ష డబ్బులు గుడ్లకు, పాలకు మిగులుతాయి.

మీ తీరిక నాకు తెలియనిది కాదు. వర్షాకాలంలో మీ గది బయట జ్వరాల పిల్లలతో నలభై టోకెన్లు ఉంటాయి, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. అందుకే ఉపన్యాసం అడగడం లేదు. అచ్చువేసిన ఒక కాగితం చాలు, కన్నడలో, తెలుగులో, తమిళంలో, హిందీలో. తేదీలు మీరు పెన్నుతో నింపితే సరిపోతుంది. తెలుగుది నేను రాసిస్తాను, టైపు చేసిస్తాను, తప్పులుంటే మీరు దిద్దండి. మా గ్రూపులో కన్నడ, తమిళం రాసే అమ్మలున్నారు, వాళ్లూ ఒప్పుకున్నారు.

మావాడికి డిసెంబరులో మళ్లీ పరీక్ష. కిందటి వారం హుడీ విప్పి, పొట్టి చేతుల చొక్కాతో లంచ్ బ్రేక్‌లో గ్రౌండ్‌కు వెళ్లాడట, వ్యాను దిగగానే వాడే చెప్పాడు. రిపోర్టు తీసుకుని మీలో ఒకరి దగ్గరికే వస్తాం. త్రాసు ఎక్కించే ముందు వాణ్ణి పేరు పెట్టి పలకరించండి.

ఇట్లు,
ఒక పదకొండేళ్ల అబ్బాయి తల్లి,
మారతహళ్లి, బెంగళూరు